ఇంట్లోనే కారు ఫ్యూయల్ పంపు మార్చుకోవడం: మీటరు పట్టుకున్నాకే స్పానర్ పట్టండి

తిరుపతి నుంచి బెంగళూరుకు తిరిగొస్తూ మొగిలి ఘాటు ఎక్కుతుంటే మా పాత ఐ10 రెండు జర్కులిచ్చి ఆగిపోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో లడ్డూల సంచి. బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు నిలబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది, పలమనేరు దాటాక మళ్లీ ఆగింది. దారిలో ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, చివరికి ట్యాంకులోంచి ఇంజన్‌కు పెట్రోలు తోసే ఫ్యూయల్ పంపు మార్చి పంపించారు. నాలుగు నెలలు బాగానే తిరిగింది. ఆ తర్వాత అదే జబ్బు, ఈసారి టిన్ ఫ్యాక్టరీ జంక్షన్‌లో, సాయంత్రం ఏడింటికి. ఘాటులో ఆగితే కనీసం గాలైనా వస్తుంది. ఇక్కడ వెనకున్న బస్సు డ్రైవరు దగ్గర నాకు రాని కన్నడమంతా నేర్చుకోవాల్సి వచ్చింది.

రెండోసారి పని నేనే చేసుకున్నాను. పంపు మార్చడం కన్నా, మొదటిసారి మార్చింది ఎందుకు నిలవలేదో తెలుసుకోవడానికే ఎక్కువ టైము పట్టింది. ఆ క్రమంలోనే రాస్తున్నాను.

ఈ పద్ధతి పెట్రోలు ఇంజెక్షన్ (పెట్రోలును ప్రెజరుతో ఇంజన్‌లోకి చిమ్మే) కార్లకు, అందులోనూ వెనక సీటు కింద పంపు మూత ఉన్నవాటికి. ట్యాంకు దించితే తప్ప పంపు అందని మోడళ్లు కూడా ఉన్నాయి, వాటిని లిఫ్టున్న షెడ్డుకే ఇవ్వండి. డీజిల్ కామన్ రైల్ బండ్ల సంగతి పూర్తిగా వేరు, అక్కడి హై ప్రెజరు పంపు జోలికి ఇంట్లో వెళ్లకూడదు. కారు ఇంకా వారంటీలో ఉంటే సర్వీస్ సెంటరు వాళ్లనే తిప్పలు పడనివ్వండి.

సీటు కింద ఏముంది

పాత కార్బురేటర్ బండ్లలో పంపు ఇంజన్‌కే అంటుకుని ఉండేది. ట్యాంకులోంచి పెట్రోలు పీల్చేది, ప్రెజరు కూడా నామమాత్రమే. ఇంజెక్షన్ వచ్చాక ఆ పద్ధతి పనికిరాలేదు. వేడి ఇంజన్ పక్కన పైపులో పెట్రోలు పీలిస్తే ఆవిరి బుడగలు కడతాయి. అందుకే పంపును ట్యాంకులో ముంచేసి, అక్కడి నుంచి ముందుకు తోయించడం మొదలుపెట్టారు. మన చిన్న కార్లలో చాలావాటికి 3 నుంచి 3.5 బార్ ప్రెజరు కావాలి. 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, కాబట్టి ఈ ప్రెజరు టైరులో కొట్టించే గాలికి ఒకటిన్నర రెట్లు అనుకోండి. మీ బండికి ఎంతన్నది వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఒక ప్లాస్టిక్ డబ్బాలాంటి మాడ్యూల్‌లో మోటారు, దాని కింద మడ్డిని ఆపే స్ట్రెయినర్, ప్రెజరును అదుపులో ఉంచే రెగ్యులేటరు, పెట్రోలు మట్టం చూపించే ఫ్లోటు, చాలా బండ్లలో ఫిల్టరు కూడా కలిసి ఉంటాయి. మోటారు పెట్రోలులో మునిగే తిరుగుతుంది. కరెంటు మోటారు పెట్రోలులో ఉంటే అంటుకోదా అని మా బావమరిది అడిగాడు. మంచి ప్రశ్నే. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. మూత బిగించి ఉన్న ట్యాంకులో ఆవిరి అంతకన్నా చాలా చిక్కగా ఉంటుంది, మండడానికి గాలి చాలదు. మీరు మూత తీసిన క్షణం నుంచి ఈ లెక్క మారిపోతుంది. కింద జాగ్రత్తల గురించి నేను రాసేదంతా ఈ ఒక్క కారణానికే.

మోటారును చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులోనే తిప్పే బండ్లలో పంపు ముందుగా పోతుంది. వంద, రెండొందలు కొట్టించుకుంటూ నెలంతా నెట్టుకొచ్చే అలవాటు ఉంటే మానుకోండి. పావు ట్యాంకుకు తగ్గనివ్వకండి. గ్యాసు కిట్టు ఉన్నవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం, ఎందుకంటే కొన్ని కిట్లలో బండి గ్యాసు మీద నడుస్తున్నా పెట్రోలు పంపు తిరుగుతూనే ఉంటుంది.

నిజంగా పంపేనా

పంపు పోతున్నప్పుడు సాధారణంగా కనిపించేవి ఇవి: పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి రావడం, ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో పికప్ చచ్చిపోవడం, వేడెక్కాక ఆగి చల్లారాక స్టార్టవడం, వెనక సీటు కింద నుంచి ఈగ ముసిరినట్టు సన్నటి రొద. చిక్కేమిటంటే క్రాంక్ సెన్సారు (ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టేది) పోయినా వేడికి ఆగి చల్లారితే స్టార్టవుతుంది. కాయిల్ పోయినా జర్కులు వస్తాయి. అందుకే అనుమానం మీద పంపు కొనకూడదు.

మొదట చెవి పెట్టండి. తాళం ఆన్‌లో పెడితే, సెల్ఫ్ కొట్టకముందే, రెండు మూడు సెకన్లు వెనక నుంచి జుమ్మని వినిపించి ఆగాలి. శబ్దమే లేకపోతే ఫ్యూజు, రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్చు) చూడండి. బానెట్ కింది ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే, హారన్‌దో మరోటో, అటూ ఇటూ మార్చి చూడడానికి పైసా ఖర్చు లేదు.

శబ్దం వస్తోందంటే పంపు మంచిదని కాదు. ఇక్కడే మల్టీమీటరు తీయాలి. నన్ను మోసం చేసింది కూడా ఇక్కడే. సీటు ఎత్తి, పంపు మీది కప్లర్ (వైర్లను పంపుకు కలిపే ప్లగ్గు) ఊడదీసి, తాళం ఆన్ చేసి వోల్టేజి చూశాను. 12.4 వచ్చింది. బ్యాటరీ దగ్గర 12.5 ఉంది కాబట్టి వైరింగు బాగుంది, లోపం పంపుదే అని తీర్మానించేశాను. అది తప్పు. కప్లర్ ఊడి ఉన్నప్పుడు ఆ వైరులో కరెంటు పారదు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా అప్పుడు 12 చూపిస్తుంది. కొళాయికి బిగించిన పైపు చివర వేలితో మూసి పట్టుకుంటే, పైపు ఎక్కడో నలిగి ఉన్నా నీళ్ల ఒత్తిడి వేలికి తెలుస్తూనే ఉంటుంది. వేలు తీస్తేనే ధార ఎంత సన్నమో బయటపడుతుంది.

కాబట్టి కప్లర్ తగిలించే ఉంచి, పంపు తిరుగుతుండగా చూడాలి. కప్లర్ వెనక వైపు నుంచి, వైరు లోపలికి పోయే సందులో సన్నటి గుండుసూది దూర్చి దాని మీద మీటరు ముల్లు ఆనించాలి. సూదులు రెండూ ఒకదానికొకటి తగలకూడదు. కారు తలుపులన్నీ తెరిచి ఉంచండి, పెట్రోలు వాసన ఏమాత్రం వస్తున్నా ఈ పరీక్ష మానేయండి. ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తే నా మీటరు 9.7 చూపించింది. బ్యాటరీ నుంచి కప్లర్ దాకా అర వోల్టుకు మించి పడిపోతే అనుమానించాల్సిందే, నాకు మూడు వోల్టులకు మించే పోతున్నాయి. ఎర్తు వైపు కూడా ఇలాగే చూడాలి. కప్లర్‌లోని నల్ల వైరుకూ బాడీ లోహానికీ మధ్య మీటరు పెడితే దాదాపు సున్నా రావాలి. నాకు 0.1 వచ్చింది, అటువైపు తప్పులేదు.

కప్లర్ విప్పి లైటు వేసి చూస్తే పాజిటివ్ పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్కు వేగిన అప్పడంలా గోధుమరంగుకు తిరిగి, కొంచెం కరిగి ఉంది.

ఇక రెండో పరీక్ష. రిలే పీకేస్తే దాని సాకెట్టులో నాలుగైదు సందులు కనిపిస్తాయి. రిలే అడుగున 30, 87 అని అంకెలుంటాయి. వాటికి ఎదురుగా వచ్చే సందుల మధ్య మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెడితే పంపు తిరుగుతుంది, అది ఎంత కరెంటు లాగుతోందో మీటరులో పడుతుంది. 85, 86 వైపు మాత్రం వెళ్లకండి. చిన్న కార్ల పంపు మామూలుగా 3 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. నాది ఏడు దాటింది. అంటే షెడ్డులో వేసిన లోకల్ పంపు బిగుసుకుని తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగుతోంది, ఆ వేడికి పిన్ను కాలింది, కాలిన పిన్ను వల్ల వోల్టేజి పడిపోయి ప్రెజరు చాలలేదు. పిన్ను ఒక్కటీ మార్చి పంపును వదిలేస్తే మళ్లీ కాలేది. పంపు ఒక్కటీ మార్చి పిన్నును వదిలేసినా టిన్ ఫ్యాక్టరీలో మళ్లీ అదే డ్రైవరు. మొదటి షెడ్డులో జరిగింది కూడా బహుశా ఇదే, పాత పంపు కప్లర్‌ను ఎంతోకొంత కాల్చే ఉంటుంది, దాన్నెవరూ చూడలేదు.

ప్రెజరు గేజి దొరికితే అదే అసలైన తీర్పు. తెలిసిన మెకానిక్ దగ్గర ఒక్కరోజుకు అడిగి తెచ్చుకోవచ్చు. ఐడిల్‌లో ఎంతుంది, ఆక్సిలరేటర్ ఇస్తే నిలుస్తోందా, ఇంజన్ ఆపాక కొన్ని నిమిషాలు పట్టుకుంటోందా అని చూడండి. ఆపగానే జారిపోతుంటే పంపులోని చెక్ వాల్వు (పెట్రోలు వెనక్కి జారకుండా ఆపేది) గానీ, కారుతున్న ఇంజెక్టరు గానీ కారణం. పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి రావడం చాలాసార్లు దీనివల్లే.

జేసీ రోడ్డులో కొనడం

బెంగళూరులో కారు సామాను అంటే జేసీ రోడ్డే. చెన్నైలో ఉన్నవాళ్లకు జీపీ రోడ్డు, పాత సామానుకైతే పుదుప్పేట ఉన్నాయి. పంపు మాత్రం సెకండ్ హ్యాండ్ కొనకండి, అది ఎన్ని నెలలు రిజర్వులో తిరిగిందో ఎవరికి తెలుసు? పాత పంపు నంబరు, కారు మోడలు, తయారైన ఏడాది, ఛాసిస్ నంబరు ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి. నేను వెళ్లిన కొట్లో పెద్దాయన మదనపల్లె మనిషి. ఫొటో చూసి, "మోటారు ఒక్కటే కావాల్నా, అసెంబ్లీ కావాల్నా సామీ?" అన్నాడు. ధర తేడా చూసి మోటారు చాలన్నాను. "అయితే జాలీ, వాషర్ కూడా తీస్కో. పాత జాలీకి కొత్త మోటారు పెడితే ఉతకని బనీను మీద కొత్త చొక్కా తొడిగినట్లుంటాది" అన్నాడు. ఆయన జాలీ అన్నది స్ట్రెయినర్‌ని.

మోటారు ఒక్కటే కొంటే బాగా చవక, కానీ మాడ్యూల్ విప్పి బిగించే ఓపిక కావాలి. అసెంబ్లీ మొత్తం కొంటే ఖర్చు చాలా ఎక్కువ, పని అరగంట. ఫ్లోటు కూడా పాడై ఉన్నా, మాడ్యూల్ ప్లాస్టిక్కు బీటలు వారినా అసెంబ్లీయే మేలు. మొదటిసారి చేసేవాళ్లకు కూడా నేను అసెంబ్లీయే చెబుతాను. నేను మోటారు కొన్నది పిసినారితనంతో, కొంత సరదాతో.

బాష్, డెన్సో లాంటి పేర్లున్న డబ్బా చేతికిచ్చినా అది ఆ కంపెనీదే అని నమ్మేయకండి. సీలు, హోలోగ్రామ్, డబ్బా మీది నంబరూ మోటారు మీద చెక్కిన నంబరూ ఒకటేనా అన్నది కొట్లోనే చూడండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు అడగ్గానే ఇంకో డబ్బా బయటికొస్తే ఆ కొట్లో కొనకండి.

ఇంకో ఆశ గురించి కూడా చెప్పాలి. గంటకు 255 లీటర్లు తోసే పెర్ఫార్మెన్స్ పంపులు దొరుకుతాయి. టర్బో ట్యూనింగ్ చేసిన బండ్లకు అవి అవసరమే. మామూలు 1.2 ఇంజన్‌కు వేస్తే పికప్ రవ్వంత కూడా పెరగదు. ఇంజన్ తాగేది అంతే తాగుతుంది, మిగతాదంతా రెగ్యులేటరు తిరిగి ట్యాంకులోకి వదలాలి. అంత వదల్లేక ప్రెజరు పెరగొచ్చు, ఎక్కువ కరెంటు లాగి సన్న వైర్లు వేడెక్కొచ్చు. కంపెనీ ఇచ్చిన ప్రెజరు, ఫ్లో ఎంతో దానికి సరిపోయేదే కొనండి.

ఇథనాల్ సంగతి కూడా అడగాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును, అంటే ఈ20ని, 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే ఆరంభించారు, ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ అదే పోస్తున్నారు. పాత రబ్బరు దానికి ఉబ్బుతుంది, గట్టిపడుతుంది. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని అది కదిలించి స్ట్రెయినర్‌కు పట్టిస్తుంది కూడా. కాబట్టి సీలు, ఓ రింగులు, హోసు ఈ20కి తట్టుకునేవేనా అని అడిగి తీసుకోండి. లోపలి హోసు ముక్క విషయంలో మరీ గట్టిగా అడగాలి. మామూలు పెట్రోలు హోసు లోపలి వైపే పెట్రోలును తట్టుకుంటుంది. ట్యాంకులో మునిగే హోసుకు బయటి వైపు కూడా తట్టుకునే రకం కావాలి, దాని మీద జే30ఆర్10 అని ముద్ర ఉంటుంది. మామూలుది వేస్తే కొన్ని నెలల్లో మెత్తబడి చీలుతుంది. అప్పుడు పంపు బాగానే తిరుగుతుంటుంది, ప్రెజరు మాత్రం ట్యాంకులోనే కారిపోతుంటుంది.

ఎక్కడ చేయాలి

అపార్టుమెంటు బేస్‌మెంటులో వద్దు. ఎండగా ఉందనో, వాన వస్తోందనో అక్కడ చేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద నీళ్లలా పాకి పల్లానికి పోతుంది. బేస్‌మెంటులో అది పోగయ్యే చోట సంపు మోటారు, జనరేటరు, స్కూటీ చార్జరు ఏదో ఒకటి ఉంటుంది. పెట్రోలు ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి అంటుకునే కనీస వేడి, సుమారు మైనస్ 40 డిగ్రీలు, మన ఊరి చలికాలం దానికి ఒక లెక్క కాదు. మేం కేఆర్ పురంలో బావమరిది వాళ్ల ఖాళీ సైటులో, పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టాం. పొద్దున్నే అయితే ట్యాంకు చల్లగా ఉంటుంది, ఆవిరి తక్కువ.

ట్యాంకులో పావుకన్నా తక్కువ పెట్రోలు ఉండేలా ముందు రోజే తిరిగి ఖర్చు చేయండి. నోటితో పైపు పెట్టి లాగే పని వద్దు. ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో, కారు బయట పెట్టుకోండి. కారు లోపలే పెడితే అవసరమైనప్పుడు మంటలోంచి తీయాలి. పాత బల్బు లైటు వద్దు, ఎల్ఈడీ టార్చి చాలు, దాన్ని కూడా మూత తీయకముందే వెలిగించి పెట్టుకోండి. ఫోను దూరంగా పెట్టండి, ఫొటోలు కావాలంటే బావమరిది బయట నిలబడి తీస్తాడు. నైలాన్ చొక్కా బదులు నూలుది వేసుకోండి. పని మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, మూత తీసే ముందు ఇంకోసారి కారు బాడీ లోహాన్ని ముట్టుకుంటే ఒంట్లో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. ఒంటరిగా చేయకండి.

ప్రెజరు దించి, మూత దాకా

ఇంజన్ ఆపాక కూడా లైనులో 3 బార్ నిలిచే ఉంటుంది. అలాగే పైపు పీకితే కంట్లోకి చిమ్ముతుంది. పంపు ఫ్యూజు గానీ రిలే గానీ పీకి, ఇంజన్ స్టార్ట్ చేయండి. కొన్ని సెకన్లు నడిచి అదే ఆగుతుంది. ఇంకోసారి రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. దీనివల్ల చెక్ ఇంజన్ లైటు వెలగొచ్చు, కంగారు వద్దు. పెట్రోలు మూత ఒకసారి తిప్పి ట్యాంకులో ఆవిరిని వదిలేయండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పి, టెర్మినల్‌కు తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. ఇక పని పూర్తయ్యేదాకా కారులో కరెంటన్న మాటే ఉండకూడదు.

వెనక సీటు అడుగు భాగం కొన్ని బండ్లలో క్లిప్పుల మీద ఉంటుంది, కొన్నిటికి బోల్టులు. మొండిగా లాగకండి, క్లిప్పు విరిగితే సీటు జీవితాంతం కిర్రుమంటుంది. సీటు తీస్తే చిల్లర, వేరుశనగ తొక్కలు, పోయిందనుకున్న జడ క్లిప్పు దొరుకుతాయి. దాని కింద చిన్న రేకు మూత, మూత కింద పంపు తల.

ఇక్కడ తొందరపడకండి. పంపు తల చుట్టూ పేరుకున్న దుమ్మంతా మీరు రింగు తిప్పగానే ట్యాంకులోకే రాలుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల పక్కన నాలుగేళ్లు తిరిగిన బండి కాబట్టి నాకు వేలు లోతు ఎర్రమట్టి కనిపించింది. పెయింటు బ్రష్షుతో కదిలించి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచాను. ఇంట్లోని వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, దాని మోటారులో నిప్పురవ్వలుంటాయి. ఈ తుడిచే పనికి పావుగంట పట్టింది.

కప్లర్ లాక్ నొక్కి తీయండి. పెట్రోలు పైపుకు క్విక్ కనెక్టరు ఉంటుంది. దాని మీద గుడ్డ కప్పి, రెండు వైపులా చెవులు నొక్కి, ముందు లోపలికి కొంచెం తోసి, అప్పుడు వెనక్కి లాగాలి. తోయకుండా లాగితే చెవి విరుగుతుంది. పాత ప్లాస్టిక్కు పెళుసుగా ఉంటుంది జాగ్రత్త. రెండు చెంచాల పెట్రోలు గుడ్డలోకి వస్తుంది, అంతే.

తల మీద పెద్ద ప్లాస్టిక్ రింగు ఉంటుంది, లేదా చుట్టూ చిన్న బోల్టులున్న ప్లేటు. విప్పకముందే తలకూ ట్యాంకుకూ కలిపి మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. రింగు బిగుసుకుని ఉంటే చెక్క ముక్క పెట్టి చిన్నగా తట్టుతూ తిప్పండి. ఇనుప ఉలి, ఇనుప సుత్తి ఇక్కడ నిషేధం, ఒక్క నిప్పురవ్వ చాలు. రింగు వదలగానే తల స్ప్రింగుతో పైకి లేస్తుంది.

మాడ్యూల్‌ను నిటారుగా లాగేయకూడదు. సగం పైకి తీసి, లోపలున్న పెట్రోలు ట్యాంకులోకే కారేదాకా ఆగి, ఫ్లోటు చువ్వ ఏ వైపుందో చూసి, ఆ వైపుకు వంచి తిప్పుతూ తీయాలి. ఫ్లోటు చువ్వ వంగితే తర్వాత సగం ట్యాంకున్నా మీటరు ఖాళీ చూపిస్తుంది. తీసిన మాడ్యూల్‌ను ప్లాస్టిక్ బకెట్‌లో కాదు, లోహపు ట్రేలో పెట్టండి. ట్యాంకు నోటి మీద శుభ్రమైన నూలుగుడ్డ కప్పండి. కప్పేముందు టార్చితో ఒకసారి అడుగు చూడండి. అడుగున ఇసుకలా, తుప్పులా, లేదా పెట్రోలు కింద విడిగా నీటి బుడగల్లా కనిపిస్తే కొత్త పంపు వేయడానికి ముందు ట్యాంకు కడిగించాలి. వానాకాలంలో నీళ్లు దూరిన ట్యాంకుల్లో ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది, స్ట్రెయినర్ పీల్చేది సరిగ్గా అక్కడి నుంచే.

మోటారు మార్చడం

అసెంబ్లీ కొన్నవాళ్లు ఈ భాగం దాటేయండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పైపు ఏ వైపుందో, ఫ్లోటు చువ్వ పొడవు, కప్లర్ ఆకారం ఒకటేనా అని మాత్రం చూసుకోండి.

మోటారు మార్చేవాళ్లు కారుకు దూరంగా, గాలి వచ్చే చోట కూర్చోండి. ప్రతి క్లిప్పు తీసేముందు ఒక ఫొటో తీయించుకోండి, తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటోలే గురువు. డబ్బా అడుగు క్లిప్పులు సన్నటి స్క్రూ డ్రైవరుతో ఒక్కొక్కటీ విడిపిస్తే మోటారు, దానికి అంటిన స్ట్రెయినర్ బయటికొస్తాయి. నా స్ట్రెయినర్ తెల్లగా ఉండాల్సింది కాఫీ గుడ్డలా ఉంది, ఒక మూల లోపలికి చప్పిడిగా అతుక్కుపోయింది. మోటారు ఎందుకు పాడైందో దాన్ని చూశాక ఇక అడగాల్సిన పనిలేదు.

మోటారు మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తిరగేసి కలిపితే మోటారు వెనక్కి తిరుగుతుంది, శబ్దం వస్తుంది, ప్రెజరు రాదు. కిట్టులో వచ్చిన వైరు ముక్కకు పిన్నులు వేసే ఉంటాయి, వాటినే వాడండి. ఇన్సులేషన్ టేపు చుట్టకండి, పెట్రోలులో దాని జిగురు కరిగి స్ట్రెయినర్‌కు పడుతుంది. పైనుంచి వచ్చే కాలిన కప్లర్‌ను కోసేసి కొత్తది క్రింప్ చేయాలి, అంటే పిన్నును వైరు మీద నొక్కి బిగించాలి. అది ట్యాంకు మూత తీయకముందు గానీ, అంతా బిగించి వాసన పోయాక గానీ చేయండి, మధ్యలో వద్దు. సోల్డరింగ్ ఐరన్ ఆ రోజుకు బీరువాలోనే ఉండాలి.

మోటారుకూ తలకూ మధ్య గట్టి నైలాన్ పైపు ఉంటే దాన్ని కోయకుండా తీయగలిగితే మంచిది. కోయాల్సి వస్తే పైన చెప్పిన మునిగే రకం హోసు, దానికి చుట్టూ సమానంగా బిగిసే ఇంజెక్షన్ క్లిప్పులు వేయండి. మామూలు గాట్ల క్లిప్పు బిగిస్తే హోసును కోసేస్తుంది. ఓ రింగులను శుభ్రమైన పెట్రోలులో తడిపి ఎక్కించండి, పొడిగా తోస్తే మెలిపడి చిరుగుతాయి. కొత్త స్ట్రెయినర్ పాతది చూసిన వైపే చూడాలి, ఫ్లోటుకు తగలకూడదు. ఫ్లోటును చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడండి.

కొత్త మోటారును గాలిలో తిప్పి చూడాలనిపిస్తుంది. వద్దు. పెట్రోలు లేకుండా తిరిగితే లోపల అరుగుతుంది, పైగా అక్కడంతా పెట్రోలు తడి.

తిరిగి ట్యాంకులోకి

పాత సీలు మళ్లీ వాడకండి. పెట్రోలులో ఉబ్బినది ఒకసారి బయటికొస్తే తిరిగి గాడిలో కూర్చోదు. కొత్తదాన్ని ట్యాంకు నోటి గాడిలో పెట్టి వేలితో చుట్టూ తడిమి చూడండి. సిలికాన్ సీలెంట్ రాయాలని ఎవరైనా అంటే వినకండి, పెట్రోలుకు అది నిలవదు, ముక్కలై ట్యాంకులో పడుతుంది. మాడ్యూల్‌ను ఫ్లోటు ముందుగా వంచి దించి, మార్కర్ గీత కలిపి, స్ప్రింగు మీద అరచేత్తో నొక్కి పట్టి రింగు తిప్పండి. మొదటి చుట్టు చేత్తో వదులుగా తిరగాలి, బిగుసుకుంటే మర తప్పినట్టు, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. బోల్టుల ప్లేటు అయితే ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి.

క్విక్ కనెక్టరు టక్కుమనేదాకా తోయండి, తర్వాత వెనక్కి లాగి చూడండి. టక్కు వినబడినా లాగి చూడాల్సిందే.

తాళం తిప్పేటప్పుడు

పెట్రోలు తుడిచిన గుడ్డలన్నీ కారు నుంచి దూరంగా పెట్టి, తలుపులు తెరిచి పదిహేను నిమిషాలు ఆగండి. వాసన పోయాకే బ్యాటరీ, ఫ్యూజు తగిలించండి. సీటూ రేకు మూతా ఇంకా వేయకండి.

తాళం ఆన్‌లో పెట్టి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు. లైనులో గాలి పోయి ప్రెజరు ఎక్కుతుంది. ఇద్దరు ఉండాలన్నది ఇందుకే, ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు పంపు తల దగ్గర తడి కోసం చూడాలి. తడి కనిపిస్తే వెంటనే ఆఫ్. మా బావమరిది మూడోసారికి "బావా, చెమటలా ఉంది చూడు" అన్నాడు. కనెక్టరు సగమే కూర్చుంది. బ్యాటరీ మళ్లీ విప్పి, తీసి, తుడిచి, మళ్లీ తోశాను. ఈసారి లాగి చూశాను కూడా. అంతకుముందు చూడలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

స్టార్టయ్యాక పది నిమిషాలు ఐడిల్‌లో వదిలి, ఆక్సిలరేటర్ ఇచ్చి చూసి, మళ్లీ గుండుసూది పరీక్ష చేయండి. కొత్త కప్లర్‌తో ఇంజన్ నడుస్తుండగా నాకు 13.4 వచ్చింది. ఇంజన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటరు ఛార్జింగు కూడా కలుస్తుంది కాబట్టి 12కన్నా ఎక్కువే రావాలి. కరెంటు నాలుగు ఆంపియర్ల చిల్లర. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉంటే స్కానర్‌తో చెరిపించండి, వారంలో మళ్లీ వస్తే కారణం వేరే చూడాలి.

రేకు మూత కింద గ్యాస్కెట్ సరిగ్గా వేయండి, వానలో టైర్లు చిమ్మే నీళ్ల నుంచీ, లోపలికి వచ్చే వాసన నుంచీ అదే కాపాడుతుంది. తర్వాత బంకుకు వెళ్లి ఫుల్ కొట్టించి, నింపిన వెంటనే ఒకసారి సీటు ఎత్తి చూడండి. ట్యాంకు నిండినప్పుడే సీలు తప్పులు బయటపడతాయి, పావు ట్యాంకులో కారనిది నిండుగా ఉంటే కారుతుంది. మీటరు ముల్లు ఫుల్‌కు వెళ్లిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

మిగిలిన మురికి పెట్రోలును కాలువలో పోయకండి. బెళ్లందూరు చెరువు 2015లో, 2017లో అంటుకోవడం చూసిన ఊరు మనది. మూతున్న లోహపు డబ్బాలో పోసి తెలిసిన షెడ్డులో ఇస్తే సామాను కడగడానికి తీసుకుంటారు. గుడ్డలను ముద్దగా చెత్తబుట్టలో వేయకుండా ఎండలో విడివిడిగా ఆరేశాకే పారేయండి.

మొదటి వారం ఊరు దాటకండి. ఆ వారంలో ఎత్తు ఎక్కే రోడ్డు ఒకటి చూసుకుని, బండి బాగా వేడెక్కాక మూడో గేరులో నిండా ఆక్సిలరేటర్ ఇచ్చి ఎక్కించండి. నేను నంది కొండకు తీసుకెళ్లాను, సముద్రమట్టానికి 1,478 మీటర్లు, మలుపులన్నీ రెండో గేరు మూడో గేరు మధ్యే. ఎక్కడా జర్కు లేదు. దిగి వచ్చాక ఇంటి ముందు సీటు ఎత్తి కప్లర్ మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే.